పాఠం 17: విచ్చుకోని మందారం – మాల్వేసి కుటుంబపు పొదను గుర్తించడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• ఒక పొద మాల్వేసి (మందార) కుటుంబానికి చెందినదో కాదో నిర్ణయించగలుగుతారు.
• లఘుపుచ్ఛాలు, కేసరనాళం, కీలశాఖలు, ఫలం అనే నాలుగు ఆధారాలతో ప్రజాతిని గుర్తించగలుగుతారు.
• గుర్తింపు కీని ఉపయోగించగలుగుతారు.
• చూడటానికి మందారంలా ఉండే మొక్కకూ, మందారానికీ గల తేడాను కారణాలతో చెప్పగలుగుతారు.

కావలసినవి: ఒక భూతద్దం, ఒక గుండుసూది, పదునైన బ్లేడు, తెల్ల కాగితం, నోటు పుస్తకం.

17.1 పరిచయం

మీరు సెలవులకు కోల్‌కతాలో ఉంటున్న మీ పిన్నిగారింటికి వెళ్లారనుకోండి. వాళ్ల ఇల్లు నగరానికి తూర్పు పక్కన ఉన్న సాల్ట్ లేక్‌లో ఉంది. గేటు పక్కన గోడ వెంబడి మనిషెత్తు పొద ఒకటి పెరిగింది. ఆకులు మందారం ఆకుల్లాగే ఉన్నాయి. కొమ్మ కొమ్మకూ ఎర్రటి మొగ్గలు తలకిందులుగా వేలాడుతున్నాయి. కాని విచ్చుకున్న పువ్వు ఒక్కటీ లేదు. మీరు అడిగారు:

"పిన్నీ, ఈ మందారం మొగ్గలు విచ్చుకోవేం?"

"ఏమో, తెచ్చి నాటిన దగ్గర్నుంచీ ఇంతే. మొగ్గకేదో తెగులు పట్టిందంటాడు మాలి. వచ్చే ఆదివారం మందు కొడతానన్నాడు. అప్పటికీ విచ్చుకోకపోతే పీకించేసి ఇంకో మొక్క పెట్టించాలి."

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది. ఈ లోపల మీరు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇది నిజంగా తెగులు పట్టిన మందారమేనా? లేక వేరే మొక్కా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని జవాబు తప్పయితే ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద పురుగుమందు పడుతుంది. మొక్కలోకి ఇంకే రకం మందులు పువ్వులోని తేనెలోకి కూడా చేరవచ్చు. ఆ తేనె కోసం తేనెపిట్టలు వస్తాయి. పువ్వు తుంచి తొడిమ వైపు నుంచి తేనె పీల్చే అలవాటు పిల్లలకు ఉండనే ఉంది. కనుక మందు సంగతి ఆలోచించే ముందు మొక్క ఏదో తేల్చుకోవాలి.

మొక్కను గుర్తించడం అంటే పేరు ఊహించడం కాదు. కుటుంబం, ప్రజాతి, జాతి అనే మూడు మెట్లు వరుసగా ఎక్కడం. ఒక మెట్టు వదిలేసి పై మెట్టుకు దూకితే పొరపాటు జరుగుతుంది. ఈ పాఠంలో పిన్నిగారి పొదను ఆధారంగా చేసుకొని ఈ మూడు మెట్లూ ఎక్కుదాం.

17.2 పొద ఇక్కడికి ఎలా వచ్చింది?

మొక్కను పరిశీలించే ముందు అది ఉన్న చోటు గురించి కొంత తెలుసుకోవడం మంచిది. అది దానంతటది మొలిచిందా, ఎవరైనా నాటారా అన్నది కూడా ఒక ఆధారమే.

సాల్ట్ లేక్ అంటే ఉప్పునీటి చెరువు అని అర్థం. ఒకప్పుడు ఇక్కడ నిజంగానే ఉప్పునీటి చెరువులు, బురద నేలలు ఉండేవి. 1960ల దశకంలో హుగ్లీ నది నుంచి తోడిన ఒండ్రును నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపి వాటిని పూడ్చారు. అలా ఏర్పడిన నేల మీద ప్రణాళిక ప్రకారం కొత్త పట్టణం కట్టారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా పనిచేసిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పేరు మీద దీనికి బిధాన్‌నగర్ అని పేరు పెట్టారు. ఇళ్ల వరుసలకు ఊరి పేర్లు కాక అక్షరాల పేర్లు ఉండటం ఇక్కడి ప్రత్యేకత.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ఈ నేల కొత్తది. ఇళ్ల ముందు, పార్కుల్లో కనిపించే అలంకరణ మొక్కలు మనుషులు తెచ్చి నాటినవి. నర్సరీలో ఏ పేరు చెబితే ఆ పేరే ఇంటిదాకా వస్తుంది. ఆ పేరు సరైనదో కాదో మొక్కను చూసే తేల్చుకోవాలి. ఖాళీ స్థలాల్లో వాటంతటవి మొలిచే తుత్తురుబెండ వంటి కలుపు మొక్కల సంగతి వేరు. వాటిలో కూడా మాల్వేసి మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటినీ ఈ పాఠంలో చూద్దాం.

17.3 మొదటి మెట్టు – కుటుంబం

మాల్వేసి కుటుంబం మీకు కొత్త కాదు. బెండకాయ, గోంగూర, పత్తి, మందారం అన్నీ ఈ కుటుంబానివే. బెండకాయ కోసినప్పుడు చేతికి అంటే జిగురు, పత్తి పువ్వు మధ్యలో నిలబడే కేసరాల స్తంభం మీరు చూసే ఉంటారు. ఆ అనుభవమే ఇప్పుడు మనకు పనికివస్తుంది.

పొద దగ్గరికి వెళ్లి ఈ కింది పరీక్షలు ఒకదాని తరువాత ఒకటి చేయండి.

(అ) కొమ్మ విరిచి చూడటం: లేత కొమ్మ కొసను కొద్దిగా విరవండి. పాలు కారుతున్నాయా? తెల్లని పాలు కారితే అది మాల్వేసి మొక్క కాదు. పరీక్ష అక్కడితో ఆపేసి చేతులు కడుక్కోండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, బెంగాలీల ఇళ్ల ముందు పచ్చగన్నేరు కూడా విరివిగా పెంచుతారు. దాన్ని వాళ్లు కల్కే పువ్వు అంటారు, పూజకు వాడతారు. గొట్టంలా ఉండే దాని పువ్వు కూడా పూర్తిగా విప్పారదు. కాని దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ మొక్కలో ప్రతి భాగమూ విషమే. గింజలు మరీ ప్రమాదకరం. అవి గుండె మీద పనిచేసి ప్రాణం తీయగలవు. పువ్వు ఆకారం చూసి ఏ మొక్క తేనెనూ పీల్చకూడదు అనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పిన్నిగారి పొద కొమ్మ విరిస్తే పాలు రాలేదు. తరువాతి పరీక్షకు వెళదాం.

(ఆ) ఆకు నలిపి చూడటం: ఒక ఆకును నాలుగు చుక్కల నీళ్లతో అరచేతిలో నలపండి. బెండకాయ జిగురు వంటి పదార్థం తగులుతుంది. దీన్ని మ్యుసిలేజ్ అంటారు. అయితే జిగురు బచ్చలి వంటి ఇతర మొక్కల్లోనూ ఉంటుంది. కాబట్టి ఇది ఒక్కటే చాలదు.

(ఇ) ఆకు అమరిక: ఆకులు కణుపుకు ఒకటి చొప్పున, ఏకాంతరంగా ఉంటాయి. ఆకుకాడ మొదట్లో రెండు సన్నని పత్రపుచ్ఛాలు ఉంటాయి. ఇవి త్వరగా రాలిపోతాయి కాబట్టి లేత ఆకుల దగ్గరే వెతకండి. ఆకు మొదలు నుంచి మూడు లేక అంతకంటే ఎక్కువ ముఖ్యమైన ఈనెలు చేతివేళ్లలా బయలుదేరతాయి. లేత భాగాల మీద భూతద్దం పెట్టి చూడండి. చాలా మాల్వేసి మొక్కల్లో నక్షత్రాల్లా చీలిన నూగు కనిపిస్తుంది.

(ఈ) పువ్వు: అన్నింటికంటే బలమైన ఆధారం ఇదే. ఒక పువ్వును నిలువుగా బ్లేడుతో చీల్చి తెల్ల కాగితం మీద పెట్టండి. కింది విషయాలు గమనించండి.

1. రక్షకపత్రాలు 5. మొగ్గలో వీటి అంచులు ఒకదానికొకటి తాకుతూ ఉంటాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కవు.
2. ఆకర్షణపత్రాలు (పూరేకులు) 5. ఇవి మెలితిరిగి ఉంటాయి. అంటే ప్రతి రేకు ఒక అంచు పక్క రేకు మీద, రెండో అంచు ఇంకో రేకు కింద ఉంటుంది.
3. కేసరాలు అనేకం. వాటి కాడలన్నీ కలిసి ఒక గొట్టంగా ఏర్పడతాయి. దీన్ని కేసరనాళం అంటారు. కీలం ఈ గొట్టం లోపలి నుంచి వెళ్లి కొసన బయటికి వస్తుంది.
4. ప్రతి పరాగకోశంలోనూ ఒకే గది ఉంటుంది. అది మూత్రపిండం ఆకారంలో ఉంటుంది.

కేసరనాళం, దాని మధ్య నుంచి వచ్చే కీలం, ఒకే గది గల పరాగకోశాలు – ఈ మూడూ కలిసి ఉంటే మీ మొక్క మందార వర్గానిదని నిశ్చయంగా చెప్పవచ్చు.

ఒక హెచ్చరిక. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి. అందువల్ల కేసరనాళం స్పష్టంగా కనిపించదు. గుర్తించడం నేర్చుకొనేటప్పుడు ఎప్పుడూ రేకు మందారం వంటి ఒంటి వరుస పువ్వునే తీసుకోండి.

ఇంకో విషయం. పాత పాఠ్యపుస్తకాల్లో జనపనార, బూరుగ, కోకో మొక్కలు వేరు వేరు కుటుంబాల్లో కనిపిస్తాయి. 1998లో వెలువడిన కొత్త వర్గీకరణ వాటిని కూడా మాల్వేసిలో చేర్చింది. కుటుంబం పెద్దదయింది. మందారం, పత్తి, బెండ ఉన్న పాత కుటుంబాన్ని ఇప్పుడు మాల్వాయిడే అనే ఉపకుటుంబంగా లెక్కిస్తున్నారు. పైన చెప్పిన కేసరనాళం లక్షణం ఈ ఉపకుటుంబానికి వర్తిస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

1. కొమ్మ విరిస్తే పాలు కారే మొక్కను మాల్వేసి మొక్క అనవచ్చా?
2. ఆకులో జిగురు ఉన్నంత మాత్రాన మొక్క మాల్వేసికి చెందినదని ఎందుకు చెప్పలేం?
3. కేసరనాళం అంటే ఏమిటి?

17.4 రెండో మెట్టు – ప్రజాతి

కుటుంబం తేలింది. ఇప్పుడు పిన్నిగారి పొద హైబిస్కస్ ప్రజాతికి (మందారానికి) చెందినదా, ఇంకో ప్రజాతిదా అన్నది చూడాలి. రంగు చూసి చెప్పవచ్చు కదా అనుకోకండి. రంగు నమ్మదగిన ఆధారం కాదు. స్థలపద్మం అనే మందార జాతి ఇందుకు మంచి ఉదాహరణ. శరదృతువులో, దుర్గాపూజల రోజుల్లో బెంగాల్‌లో ఇది పూస్తుంది. పొద్దున తెల్లగా విచ్చుకున్న పువ్వే మధ్యాహ్నానికి గులాబీ రంగుకు, సాయంత్రానికి ఎరుపుకు మారుతుంది. రంగునుబట్టి పేరు పెడితే ఒక్క పువ్వుకే రోజుకు మూడు పేర్లు పెట్టాల్సి వస్తుంది!

రంగుకు బదులు లెక్కపెట్టగలిగిన వాటిని చూద్దాం.

లఘుపుచ్ఛాలు: మందారం పువ్వును తిరగేసి చూడండి. రక్షకపత్రాల కింద ఇంకో వరుస సన్నని ఆకుపచ్చ రేకులు కనిపిస్తాయి. ఇవే లఘుపుచ్ఛాలు. ఈ వరుసను ఎపికాలిక్స్ అంటారు. ఇవి ఉన్నాయా? ఉంటే ఎన్ని? ఏ ఆకారంలో ఉన్నాయి? పత్తిలో మూడే ఉంటాయి. పెద్దవిగా, హృదయాకారంలో ఉండి మొగ్గను కప్పేస్తాయి. తుత్తురుబెండలో అసలే ఉండవు.

కీలశాఖలు: కేసరనాళం కొస నుంచి బయటికి వచ్చిన కీలం కొన్ని శాఖలుగా చీలుతుంది. ప్రతి శాఖ చివరా గుండ్రటి కీలాగ్రం ఉంటుంది. గుండుసూదితో వాటిని విడదీసి లెక్కపెట్టండి. మందారంలో 5 ఉంటాయి. కొన్ని ప్రజాతుల్లో ఫలదళాలు 5 అయినా కీలశాఖలు వాటికి రెట్టింపు, అంటే 10 ఉంటాయి. ఈ లెక్కే మన సమస్యకు తాళంచెవి.

ఫలం: ఎండి పగిలే గుళికా? ముక్కలుగా విడిపోయేదా? కండగలదా? తోట మొక్కల్లో తరచు కాయలు ఉండవు. ఉంటే మాత్రం వదలకండి.

ఈ ఆధారాలను వరుసలో పెడితే ఒక గుర్తింపు కీ తయారవుతుంది. కీలో ప్రతి అంకె కింద రెండు వాక్యాలు ఉంటాయి. మీ మొక్కకు సరిపోయే వాక్యం ఎన్నుకొని, దాని చివర ఉన్న అంకెకు వెళ్లండి. పేరు వచ్చేదాకా అలాగే సాగండి.

గుర్తింపు కీ

1. (అ) లఘుపుచ్ఛాలు లేవు ........ 2
 (ఆ) లఘుపుచ్ఛాలు ఉన్నాయి ........ 3

2. (అ) ఫలం చక్రంలా ఉంటుంది. ఫలదళాలు సుమారు 15 నుంచి 20 ........ అబ్యుటిలాన్ (తుత్తురుబెండ)
 (ఆ) ఫలం చిన్నది. ఫలదళాలు సుమారు 5 నుంచి 10. ఒక్కోదానిలో ఒకే గింజ ........ సైడా

3. (అ) లఘుపుచ్ఛాలు 3. పెద్దవి, హృదయాకారం ........ గాసిపియం (పత్తి)
 (ఆ) లఘుపుచ్ఛాలు అంతకంటే ఎక్కువ ........ 4

4. (అ) కీలశాఖలు 10 ........ 5
 (ఆ) కీలశాఖలు 5 ........ 6

5. (అ) పువ్వు చిన్నది, గులాబీ రంగు, విచ్చుకుంటుంది. కాయ మీద బట్టలకు అంటుకొనే కొక్కేల వంటి ముళ్లు ........ యురీనా
 (ఆ) పువ్వు పెద్దది, రేకులు విచ్చుకోవు. కేసరనాళం మాత్రం బయటికి వస్తుంది. కాయ వస్తే కండగలది ........ మాల్వావిస్కస్

6. (అ) రక్షకపత్రావళి ఒక పక్క చీలి, పూరేకులతోపాటు రాలిపోతుంది ........ ఆబెల్మాస్కస్ (బెండ)
 (ఆ) రక్షకపత్రావళి రాలదు, 5 భాగాలుగా నిలిచి ఉంటుంది ........ హైబిస్కస్ (మందారం, గోంగూర)

గమనిక: ఈ కీ మన ఇళ్ల దగ్గర, ఖాళీ స్థలాల్లో సాధారణంగా కనిపించే ప్రజాతులకు మాత్రమే. మొత్తం కుటుంబానికి సరిపోదు.

ఇప్పుడు పిన్నిగారి పొద నుంచి తెచ్చిన 'మొగ్గ'ను కీలో నడిపిద్దాం. తిరగేసి చూస్తే సన్నని లఘుపుచ్ఛాలు ఎనిమిది దాకా ఉన్నాయి. కాబట్టి 1(ఆ), అక్కడి నుంచి 3. అవి మూడు కావు కనుక 3(ఆ), అక్కడి నుంచి 4. ఇక కీలశాఖలు. మెలితిరిగిన ఎర్రటి రేకుల కొస నుంచి కేసరనాళం బయటికి పొడుచుకు వచ్చి ఉంది. దాని చివర కీలాగ్రాలను సూదితో విడదీసి లెక్కపెడితే పది వచ్చాయి. కాబట్టి 4(అ), అక్కడి నుంచి 5. పువ్వు పెద్దది, రేకులు విచ్చుకోలేదు, కొక్కేల కాయలు లేవు. 5(ఆ). ప్రజాతి మాల్వావిస్కస్.

అంటే ఇది మందారం కాదు. మందారానికి దగ్గరి చుట్టం.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

1. మొక్కను గుర్తించడానికి పువ్వు రంగు ఎందుకు నమ్మదగిన ఆధారం కాదు?
2. మందారంలో కీలశాఖలు ఎన్ని? మాల్వావిస్కస్‌లో ఎన్ని?
3. ఒక పువ్వుకు లఘుపుచ్ఛాలు లేవు, కాయ చక్రంలా ఉంది. అది ఏ ప్రజాతి?

17.5 మూడో మెట్టు – జాతి

మాల్వావిస్కస్ ప్రజాతి అమెరికా ఖండాలది. మెక్సికో, దాని చుట్టుపక్కల వెచ్చని ప్రాంతాలు దీని పుట్టిల్లు. తోటల్లో రెండు జాతులు ముఖ్యంగా కనిపిస్తాయి.

మాల్వావిస్కస్ ఆర్బోరియస్: పువ్వులు చిన్నవి, నిటారుగా పైకి నిలబడతాయి. ఆకులు వెడల్పుగా ఉండి, తరచు తమ్మెలుగా చీలి ఉంటాయి. నూగు ఎక్కువ.

మాల్వావిస్కస్ పెండ్యులిఫ్లోరస్: పువ్వులు పెద్దవి, 5 సెంటీమీటర్లు, అంతకుమించి పొడవు. కిందికి వేలాడతాయి. ఆకులు పొడవుగా, బల్లెం మొన ఆకారం నుంచి సన్నని అండాకారం వరకు ఉంటాయి. తమ్మెలు ఉండవు, లేదా నామమాత్రంగా ఉంటాయి. పెండ్యులిఫ్లోరస్ అంటేనే వేలాడే పువ్వులు గలది అని అర్థం. ఈ పేరును 1824లో డి కాండోల్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. కొన్ని పుస్తకాల్లో దీన్ని ఆర్బోరియస్‌లో ఒక రకంగా చెప్పడం కూడా మీకు కనిపించవచ్చు.

పిన్నిగారి పొద పువ్వులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆకులకు తమ్మెలు లేవు. కనుక అది మాల్వావిస్కస్ పెండ్యులిఫ్లోరస్.

ఈ జాతి మన తోటల్లో కాయలు కాయడం అరుదు. కొమ్మ కత్తిరించి నాటితేనే కొత్త మొక్క వస్తుంది. కాబట్టి సాల్ట్ లేక్‌లో గోడ పక్కన ఉన్న ప్రతి పొదా ఎవరో ఒకరి చేతి మీదుగా, కొమ్మగా, వచ్చిందే అనుకోవచ్చు. కొమ్మతోపాటు మందారం అనే పేరు కూడా చేతులు మారుతూ వచ్చింది.

17.6 ఇది తెగులా, స్వభావమా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మొగ్గ విచ్చుకోకపోవడం ఈ మొక్కకు తెగులా?

పువ్వు విచ్చుకోవడం అంటే రేకులు తెరచుకోవడమే అని మనకు అలవాటుగా తోస్తుంది. మొక్క దృష్టిలో ముఖ్యమైనవి పరాగకోశాలు, కీలాగ్రాలు. పరాగరేణువులు బయటికి రావాలి, కీలాగ్రాలు వాటిని అందుకోగలగాలి. మాల్వావిస్కస్‌లో రేకులు చుట్టుకొని గొట్టంలా ఉండగానే కేసరనాళం బయటికి సాగుతుంది. వేలితో తాకి చూడండి. పుప్పొడి అంటుకుంటుంది. కాబట్టి మీరు మొగ్గ అనుకుంటున్నది పూర్తిగా వికసించిన పువ్వు.

ఈ నిర్మాణానికి కారణం ఉంది. ఈ మొక్క సొంత దేశాల్లో పొడవాటి ముక్కు గల హమ్మింగ్ పక్షులు గొట్టంలోకి ముక్కు దూర్చి తేనె తాగుతాయి. ఆ సమయంలో బయటికి పొడుచుకు వచ్చిన కేసరాలు వాటి తలకు తగిలి పుప్పొడి అంటుతుంది. మన దేశంలో హమ్మింగ్ పక్షులు లేవు. ఇక్కడ తేనెపిట్టలు ఈ పూల దగ్గరికి వస్తాయి. అయితే అవి తరచు పువ్వు మొదట్లో ముక్కుతో పొడిచి, పక్క నుంచే తేనె లాగేస్తాయి. పువ్వుల మొదట్లో చిన్న చిల్లులు కనిపిస్తే పురుగు తొలిచిందని కంగారు పడకండి. ముందు కాసేపు నిలబడి పిట్టల కోసం చూడండి.

మరి నిజమైన తెగులును ఎలా పోల్చాలి? మందారంలో ఈ గుర్తులు చూడండి.

• మొగ్గ రంగు తిరిగి విచ్చుకోక ముందే కాడ దగ్గర తెగి రాలిపోతుంది. రాలిన మొగ్గను చీల్చితే లోపల చిన్న పురుగులు ఉండవచ్చు.
• కొమ్మ కొసల్లో తెల్లని దూది వంటి పొడి పేరుకుంటుంది. ఇది పిండినల్లి. మందారానికీ, పత్తికీ, తుత్తురుబెండకూ ఇది పడుతుంది.
• లేత ఆకులు ముడతలు పడి గిడసబారతాయి.

పిన్నిగారి పొదలో వీటిలో ఒక్కటీ లేదు. పువ్వులు రాలే ముందు కేసరనాళాన్ని బయటికి చాచి, పుప్పొడి ఇచ్చి, ఆ తరువాతే వాడుతున్నాయి. మందు అక్కరలేదు. పీకించవలసిన అవసరం అంతకన్నా లేదు. నిజంగా పిండినల్లి కనిపించినా, మొదట పట్టిన కొసలు కత్తిరించి దూరంగా పారేసి, మిగిలిన కొమ్మలను నీటితో గట్టిగా కడిగి చూడాలి. మందు ఆఖరి మాట.

17.7 పేర్ల కథ

పిన్నిగారి పక్కింటి బెంగాలీ ఆవిడను అడిగితే ఈ పొద పేరు లంకా జబా అని చెబుతారు. బెంగాలీలో జబా అంటే మందారం. ఇది సంస్కృతంలోని జపా అనే మాట నుంచి వచ్చింది. తెలుగులో జపాకుసుమం అన్నా మందారమే. కాళీపూజకు ఎర్ర జబా పువ్వులు తప్పనిసరి కాబట్టి బెంగాల్‌లో ఈ పేరు తెలియని వారు ఉండరు. లంకా అంటే మిరపకాయ. మూసుకొని వేలాడే ఎర్రటి పువ్వు పండుమిరపకాయలా కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. తెలుగులో కొందరు దీన్ని మిరప మందారం అనడమూ ఇందుకే. రెండు భాషలవారికీ ఒకే పోలిక తట్టింది.

జనం పెట్టిన పేర్లను తక్కువగా చూడకూడదు. వాటిలో మంచి పరిశీలన ఉంటుంది. లంకా జబా అన్నవారు ఈ పువ్వు మామూలు మందారంలా ఉండదని గమనించారు. అయితే జబా అనే భాగం మాత్రం దీన్ని మందారాల్లో కలిపేసింది. అందుకే ఊరి పేరుతోపాటు శాస్త్రీయ నామం కూడా రాసుకోవాలి.

ఇలా రెండు పేర్లూ రాసే పద్ధతికి మన తెలుగునేలతో సంబంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో చాలా ఏళ్లు మొక్కలను పరిశీలించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధికారిగా వెళ్లాడు. తన రచనల్లో అనేక మొక్కలకు శాస్త్రీయ నామంతోపాటు తెలుగు పేరు కూడా నమోదు చేశాడు. ఆ ఉద్యానాన్ని 1787లో హుగ్లీ నదికి పడమటి గట్టున, హౌరా వైపు శిబ్‌పూర్‌లో నెలకొల్పారు. నేడు దాని పేరు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారతీయ వృక్షశాస్త్ర ఉద్యానం. దేశంలోని మొక్కల వివరాలు సేకరించే భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1890లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం సాల్ట్ లేక్‌లోనే ఉంది. కేంద్ర జాతీయ హెర్బేరియం శిబ్‌పూర్‌లో ఉంది. అక్కడ ఎండబెట్టిన మొక్కల నమూనాలు లక్షల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. అనుమానం వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు తమ మొక్కను అలాంటి నమూనాలతో పోల్చి చూస్తారు.

17.8 కృత్యం – మీ సొంత నమూనా

1. ఇంటివారి అనుమతి తీసుకొని, ఆకులు, పువ్వులు ఉన్న జానెడు కొమ్మ ఒకటి కత్తిరించండి. కాయ ఉంటే అదీ తీసుకోండి.
2. పాత వార్తాపత్రిక మడతల మధ్య పరచండి. ఒక ఆకు పైభాగం, ఒక ఆకు అడుగుభాగం కనిపించేలా సర్దండి. ఒక పువ్వును నిలువుగా చీల్చి పక్కన పెట్టండి.
3. పైన బరువు పెట్టండి. మాల్వేసి పూలలో జిగురు ఎక్కువ కాబట్టి మొదటి వారం రోజూ కాగితాలు మార్చండి. లేకపోతే పువ్వు కాగితానికి అంటుకొని బూజు పడుతుంది.
4. ఎండిన నమూనాను గట్టి కాగితం మీద అంటించి చీటీ రాయండి. చీటీలో తేదీ, చోటు, మొక్క ఎత్తు, పువ్వు రంగు, పువ్వు నిటారుగా ఉందా వేలాడుతోందా, లఘుపుచ్ఛాల సంఖ్య, కీలశాఖల సంఖ్య, ఊరి పేరు, శాస్త్రీయ నామం ఉండాలి.

ఎండిన తరువాత రంగు మారిపోతుంది, వేలాడే తీరు తెలియదు. కాబట్టి ఆ రెండూ మొక్క దగ్గరే రాసుకోవాలి.

మీరు సాల్ట్ లేక్‌లో లేకపోయినా ఈ కృత్యం చేయవచ్చు. మీ పెరట్లోని మందారం, చేలోని పత్తి, కూరపాదులోని బెండ, దారి పక్కన తుత్తురుబెండ – ఈ నాలుగు పూలూ తెచ్చి కీలో నడిపించండి. నాలుగూ నాలుగు పేర్ల దగ్గర ఆగితే మీకు కీ వాడటం వచ్చినట్లే.

17.9 మళ్లీ గేటు దగ్గరికి

శనివారం సాయంత్రం మీరు చీల్చిన పువ్వును కాగితం మీద పెట్టి పిన్నిగారికి చూపించారు.

"పిన్నీ, ఇవి మొగ్గలు కావు, పూలే. దీని తీరే ఇంత. ఇదిగో, ఈ కొసన లెక్కపెట్టు. మందారానికి ఐదుంటాయి, దీనికి పది."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని లెక్కపెట్టారు.

"అయితే ఇన్నాళ్లూ పూస్తూనే ఉందన్నమాట! మాలితో మందు వద్దని చెప్తాను."

మీరు నేర్చుకున్నవి

• మొక్కను గుర్తించేటప్పుడు కుటుంబం, ప్రజాతి, జాతి అనే వరుస పాటించాలి.
• పాలు లేకపోవడం, జిగురు ఉండటం, పత్రపుచ్ఛాలు, కేసరనాళం, ఒకే గది గల పరాగకోశాలు కలిసి మందార వర్గాన్ని తెలుపుతాయి. ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా చాలదు.
• లఘుపుచ్ఛాలు, కీలశాఖలు, ఫలం ప్రజాతిని తెలుపుతాయి. మందారానికి కీలశాఖలు 5, మాల్వావిస్కస్‌కు 10.
• రేకులు తెరచుకోకపోయినా కేసరనాళం బయటికి వచ్చి పుప్పొడి ఇస్తుంటే అది వికసించిన పువ్వే.
• మొక్క ఏదో తేలకుండా మందు వాడకూడదు.

పాఠాంత ప్రశ్నలు

1. మందారానికీ, మాల్వావిస్కస్‌కూ గల పోలికలు, తేడాలు రాయండి.
2. ముద్ద మందారాన్ని గుర్తింపు అభ్యాసానికి ఎందుకు వాడకూడదు?
3. మొగ్గ తెగులుకూ, పువ్వు సహజ స్వభావానికీ గల తేడాను ఎలా తెలుసుకుంటారు?
4. ఊరి పేరు, శాస్త్రీయ నామం రెండూ రాయవలసిన అవసరాన్ని లంకా జబా ఉదాహరణతో వివరించండి.
5. మీ ఇంటి దగ్గర దొరికిన ఒక మాల్వేసి మొక్కను కీలో నడిపించి, ఎన్నుకున్న ప్రతి వాక్యానికీ కారణం రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1
1. అనకూడదు. మాల్వేసి మొక్కల్లో పాలు ఉండవు.
2. బచ్చలి వంటి ఇతర కుటుంబాల మొక్కల్లోనూ జిగురు ఉంటుంది.
3. కేసరాల కాడలన్నీ కలిసి కీలం చుట్టూ ఏర్పడిన గొట్టం.

17.2
1. ఒకే జాతిలో, ఒక్కోసారి ఒకే పువ్వులో కూడా రంగు మారుతుంది. ఉదాహరణ: స్థలపద్మం.
2. మందారంలో 5, మాల్వావిస్కస్‌లో 10.
3. అబ్యుటిలాన్ (తుత్తురుబెండ).